దారికాసిన సుద్దగీతలు

కాన్వాస్ తెరకు ఒక చిన్న చీలిక ఉంది. ఎస్కార్ట్ నౌక కెప్టెన్ ఒకాయన వంగి, దానికి కన్ను ఆనించి చూస్తున్నాడు. అవతల నేలంతా లినోలియం, దాని మీద పది అంగుళాలకొక తెల్లగీత. రెండు గీతల మధ్య దూరం ఒక నాటికల్ మైలు. ఆ గళ్ల మధ్య బుల్లి ఓడలు బారులు తీరి ఉన్నాయి. ఆయనకు కనిపించేది వాటిలో కొన్నే. అర్ధరాత్రి అట్లాంటిక్ మధ్యలో ఓడ బ్రిడ్జి మీద నిలబడ్డవాడికి ఎంత కనిపిస్తుందో, ఇక్కడా అంతే కనిపించాలని ఆ తెర కట్టారు.

చేతిలో చీటీ ఉంది. గడువు రెండు నిమిషాలు. ఆలోపు తన ఓడ ఎటు తిరగాలో, ఎంత వేగంతో పోవాలో రాసివ్వాలి. చీటీ అందుకున్న అమ్మాయి మోకాళ్ల మీద కూచుని, కొలిచి, తెల్ల సుద్దతో ఆ రెండు నిమిషాల ప్రయాణాన్ని నేల మీద గీస్తుంది. పక్కనే ఇంకో గీత పడుతుంది, ఆకుపచ్చ సుద్దతో. అది జర్మన్ జలాంతర్గామి నడిచిన దారి. తెర వెనక నుంచి చూసేవాళ్ల కంటికి ఆ పచ్చ రంగు ఆనదు.

మళ్లీ రెండు నిమిషాలు. మళ్లీ చీటీ.

అది 1942. ఊరు లివర్‌పూల్. బ్రిటన్‌కు తిండీ, చమురూ, ఆయుధాలూ మోసుకొచ్చే ఓడల బారులను, అంటే కాన్వాయ్‌లను, కాపాడే వెస్టర్న్ అప్రోచెస్ కమాండ్ అక్కడి డెర్బీ హౌస్ నుంచి నడుస్తోంది. ఆ భవనం పై అంతస్తులో ఈ ఆట గది. పేరు వెస్టర్న్ అప్రోచెస్ టాక్టికల్ యూనిట్. ఆ ఏడాది శత్రు జలాంతర్గాములు ముంచిన ఓడలు వెయ్యికి పైనే. ఒక్కో ఓడతో పాటు మునిగింది ఎవరి రొట్టెపిండో, ఎవరి విమానానికి పెట్రోలో, ఎవరి కొడుకో. అలాంటి రోజుల్లో నౌకాదళ అధికారులను పిలిచి నేల మీద సుద్దతో ఆట ఆడించడమేమిటని ముఖం చిట్లించినవాళ్లు చాలామంది.

ఆట నడిపింది గిల్బర్ట్ రాబర్ట్స్. 1930లలో పోర్ట్స్‌మత్‌లోని నౌకాదళ టాక్టికల్ స్కూల్లో పనిచేసిన మనిషి. క్షయ వ్యాధి సోకడంతో 1938లో ఉద్యోగం నుంచి పంపేశారు. సముద్రమే లోకమనుకున్నవాడికి ఒడ్డున కూచోవడం ఎంత నరకమో ఊహించుకోవచ్చు. 1942 జనవరిలో లండన్ నుంచి పిలుపు వచ్చింది. లివర్‌పూల్ వెళ్లు, జలాంతర్గాములు ఎలా దాడి చేస్తున్నాయో తేల్చు, తిప్పికొట్టే పద్ధతి కనిపెట్టి ఎస్కార్ట్ కెప్టెన్లకు నేర్పు అన్నారు. వెళ్లాడు. అక్కడి అధిపతి అడ్మిరల్ సర్ పెర్సీ నోబుల్‌కు ఈ వ్యవహారం మీద పెద్దగా నమ్మకం లేదు. రాబర్ట్స్‌కు దక్కింది పై అంతస్తులో కొన్ని గదులూ, మహిళా నౌకాదళం నుంచి కొందరు యువతులూ. ఆ దళంవాళ్లను రెన్‌లనేవారు. చాలామందికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. వాళ్లలో జీన్ లైడ్‌లా అనే అమ్మాయి లెక్కల్లో దిట్ట. జేనెట్ ఓకెల్ ఆమెకన్నా చిన్నది. ఇద్దరిలో ఎవరూ యుద్ధనౌక నడిపినవాళ్లు కారు.

ఆ గదిలోని లెక్క ఒకసారి దగ్గరగా చూడాలి. చూస్తే తప్ప ఈ కథ అర్థం కాదు.

పది అంగుళాలకు ఒక మైలు, ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాలు. గంటకు ఏడు నాటికల్ మైళ్ల వేగంతో, అంటే ఏడు నాట్లతో, నడిచే కాన్వాయ్ ఒక ఎత్తులో రెండుంపావు అంగుళాలు దాటి మరికాస్త జరుగుతుంది. పదిహేను నాట్లతో పరిగెత్తే ఎస్కార్ట్ ఓడ అయిదు అంగుళాలు జరుగుతుంది. నీటి పైన పదిహేడు నాట్లతో వచ్చే జలాంతర్గామి అయిదున్నర అంగుళాలకు పైనే జరుగుతుంది. అదే జలాంతర్గామి మునిగి, బ్యాటరీల మీద మూడు నాట్లతో నక్కి నక్కి పోతే కదిలేది ఒక్క అంగుళమే.

ఇందులో ఒక చేదు నిజం ఉంది. కాన్వాయ్‌లను కాచిన చిన్న కోర్వెట్ ఓడల గరిష్ఠ వేగం పదహారు నాట్లు. నీటి పైన ఉన్న జలాంతర్గామిది అంతకన్నా ఎక్కువ. అంటే వెంటపడి పట్టుకోవడం కుదరని పని. జలాంతర్గామి ఎటు పోతుందో ముందే లెక్కగట్టి, అది చేరబోయే చోటికి మనం ముందు చేరి దారి కాయాలి. మునిగిందంటే అది అంగుళాల లెక్కన పాకే జీవి, అప్పుడు పైచేయి ఎస్కార్ట్‌ది. అయితే ఎక్కడ మునిగిందో తెలియాలి కదా. ఆస్డిక్ అనే శబ్దయంత్రం నీటి లోపల ఉన్నదాన్ని పసిగడుతుంది. అదీ సుమారు మైలులోపు ఉంటేనే. రాత్రిపూట నీటి పైన తేలుతూ వచ్చేదాన్ని అది గుర్తుపట్టలేదు. జర్మన్ కమాండర్లకు ఇది బాగా తెలుసు.

రాబర్ట్స్ మొదట పట్టుకున్నది 1941 డిసెంబరు నాటి ఒక కాన్వాయ్ రికార్డు. పేరు హెచ్‌జీ 76. జిబ్రాల్టర్ నుంచి ఇంగ్లండ్‌కు బయల్దేరింది. కాపలా దళానికి నాయకుడు కమాండర్ జానీ వాకర్, ముందు ముందు జలాంతర్గాములకు సింహస్వప్నం అనిపించుకోబోతున్న మనిషి. వాకర్‌కు తనదైన ఎత్తు ఒకటి ఉంది. పేరు బటర్‌కప్. ఏదైనా ఓడకు టార్పెడో తగిలిందా, ఎస్కార్ట్ ఓడలన్నీ ఒక్కసారి బయటివైపు దూసుకుపోవాలి, వెలుగు గుండ్లు పేల్చి చీకటిని పగలగొట్టాలి, నీటి అడుగున పేలే డెప్త్ ఛార్జిలు కురిపించాలి. జలాంతర్గామి బయటి నుంచి కాల్చి బయటికే పారిపోతుందన్న నమ్మకం మీద నిలబడిన పద్ధతి అది. వాకర్ దాంతో విజయం సాధించాడు. కాబట్టి దాన్ని ప్రశ్నించాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

రాబర్ట్స్‌కు ఒక్కటి అడ్డుపడింది. ఆ కాన్వాయ్‌లో మునిగిన అన్నవోర్ అనే నార్వే ఓడ బారులకు నడిమధ్యన ఉంది. ఎడమా కుడీ వరుసలు వరుసలుగా ఓడలు. బయటి నుంచి వదిలిన టార్పెడో వాటన్నిటి మధ్యగా సందు చేసుకుని ఎలా వెళ్లింది?

ఆ రాత్రి ఆయన ఇంటికి పోలేదు. లైడ్‌లా, ఓకెల్ కూడా ఉండిపోయారు. నేల మీద కాన్వాయ్‌ను పేర్చారు. ఎస్కార్ట్‌లను వాటి వాటి చోట్ల నిలబెట్టారు. జలాంతర్గామిని ఒక చోటి నుంచి తెచ్చి చూశారు, కుదరలేదు. ఇంకో చోటి నుంచి తెచ్చారు, కుదరలేదు. ఎడమ పక్క నుంచి వచ్చినా, కుడి పక్క నుంచి వచ్చినా గీతలు అన్నవోర్ దాకా పోవడం లేదు. చివరికి ఒక్క దారి మిగిలింది. జలాంతర్గామి వెనక నుంచి, నీటి పైన తేలుతూ, కాన్వాయ్ వరుసల మధ్యకే వచ్చి కాల్చి ఉండాలి.

వేగాల లెక్క సరిపోయింది. పదిహేడులోంచి ఏడు తీసేస్తే పది. వెనక నుంచి వచ్చేవాడు గంటకు పది మైళ్ల చొప్పున కాన్వాయ్‌ను అందుకుంటాడు. కాపలా ఓడల కళ్లు ఎక్కువగా ముందుకీ పక్కలకీ ఉంటాయి. ఓడల మధ్య దూరినవాడు చీకట్లో ఇంకో ఓడలాగే కలిసిపోతాడు.

సరే, లోపలికి వచ్చాడు, కాల్చాడు. తరవాత? మునుగుతాడు, కదలకుండా ఉంటాడు. మిగతా పని కాన్వాయే చేసిపెడుతుంది. ఉదాహరణకు నలభై ఓడలు, పది నిలువు వరుసలు, వరుసకు నాలుగు ఓడలు అనుకుందాం. వరుసల మధ్య వెయ్యి గజాలు, వరుసలో ఓడకూ ఓడకూ ఆరువందల గజాలు. వెడల్పు నాలుగున్నర మైళ్లు, లోతు మాత్రం మైలుకు కొంచెం తక్కువే. గది నేల మీద నలభై అయిదు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల లోతు. ఏడు నాట్ల వేగంతో ఆ బారు మొత్తం తల మీదుగా దాటిపోవడానికి ఎనిమిది నిమిషాలు చాలు. అంటే నాలుగు ఎత్తులు.

ఆ నాలుగు ఎత్తుల్లో బటర్‌కప్ ఆడిన ఎస్కార్ట్ ఎక్కడికి చేరుతుంది? ఎత్తుకు అయిదు అంగుళాల చొప్పున ఇరవై అంగుళాలు, బయటికి. రెండు మైళ్ల దూరంలో, ఎవరూ లేని సముద్రం మీద వెలుగు గుండ్లు పేలుస్తూ ఉంటుంది. ఆకుపచ్చ గీత మాత్రం పుట్టిన చోటు నుంచి నాలుగు అంగుళాలైనా కదలదు. కాన్వాయ్ వెళ్లిపోయాక వెనక ఖాళీ నీళ్లలో పైకి తేలి, టార్పెడోలు నింపుకుని, మళ్లీ వెనక నుంచి వస్తుంది.

ఒడ్డున ఉన్న ముగ్గురు మనుషులు సముద్రంలో ఉన్న వందల మందికి కనబడనిదాన్ని చూశారు. సముద్రంలో ఉన్నవాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. వాళ్లకు మంట కనిపించింది, కేకలు వినిపించాయి, తమ ఓడ నుంచి చూస్తే శత్రువు ఎటువైపు ఉండొచ్చో అటు పరిగెత్తారు. పైనుంచి చూసే కన్ను వాళ్లకు లేదు. శత్రువు స్థానంలో కూచుని ఆడే తీరికా లేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ఇక్కడే కనబడుతుంది: లైడ్‌లా, ఓకెల్ ఆ రాత్రి జలాంతర్గామి పక్షాన నిజాయితీగా ఆలోచించారు. శత్రువును తక్కువ చేసి ఆడి ఉంటే ఆ పచ్చగీత దొరికేదే కాదు.

జబ్బు తెలిశాక మందు కనిపెట్టడం తేలికైంది. టార్పెడో పేలగానే ఎస్కార్ట్‌లు బయటికి కాదు, కాన్వాయ్ వెనక్కి రావాలి. వరుసగా నిలబడి, ఆస్డిక్‌తో ఆ నీళ్లను జల్లెడ పట్టాలి. జలాంతర్గామి అంగుళం చొప్పున పాకుతూ ఉంటుంది కాబట్టి వెతకాల్సిన చోటు చిన్నది. ఈ ఎత్తుకు రాస్ప్‌బెర్రీ అని పేరు పెట్టింది లైడ్‌లా, హిట్లర్‌ను వెక్కిరించడానికి. నాలుక చాపి చేసే వెక్కిరింపు చప్పుడును ఇంగ్లీషులో అలాగే అంటారు.

నోబుల్‌ను పిలిచి నేల మీద ఆడి చూపించారు. అనుమానంతో వచ్చిన అడ్మిరల్ ఆట అయ్యేసరికి పూర్తిగా మారిపోయి, ఈ సంగతి చర్చిల్‌కు తెలియజేశాడు. రాస్ప్‌బెర్రీ ఎస్కార్ట్ ఓడలన్నిటికీ చేరింది. లివర్‌పూల్ రేవుకు వచ్చిన ఓడల అధికారులు వారం కోర్సుకు డెర్బీ హౌస్ మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. యుద్ధం ముగిసే లోపు అలా వచ్చినవాళ్లు సుమారు అయిదు వేల మంది.

వాళ్లలో చాలామంది సముద్రంలో ముదిరినవాళ్లు. కూతురి వయసున్న పిల్ల పక్కన నిలబడి, నెమ్మదిగా, ఎటు తిరిగితే మేలో సూచిస్తుంటే మొదట్లో మింగుడుపడలేదు. ఆటలో వాళ్ల ఓడలు వరసగా మునిగాక మింగుడుపడింది. ఆ అమ్మాయిలు ఒకే యుద్ధాన్ని రోజూ ఆడుతున్నారు. ఏ కెప్టెనూ తన జీవితంలో అన్ని యుద్ధాలు చూసి ఉండడు.

1942 నవంబరులో నోబుల్ స్థానంలో అడ్మిరల్ సర్ మాక్స్ హార్టన్ వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో స్వయంగా జలాంతర్గామి నడిపి, 1914లో జర్మన్ క్రూజర్ హేలాను ముంచిన మనిషి. కోపిష్ఠి. జలాంతర్గామి గురించి తనకు చెప్పేవాడెవడన్న ధీమా. ఆట గదికి వచ్చి తనే జలాంతర్గామి కమాండర్‌గా ఆడతానన్నాడు. అవతల ఎస్కార్ట్‌ల తరఫున ఆడింది జేనెట్ ఓకెల్. హార్టన్ మునిగాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ మునిగాడు. అయిదు సార్లు ఆడితే అయిదు సార్లూ ఆమే ముంచింది. ఆమె ఎవరో తెలిశాక ఆయన మండిపడ్డాడని చెబుతారు. కానీ ఆ గది మీద ఇక ఏనాడూ చెయ్యి వెయ్యలేదు. జలాంతర్గామి యుద్ధం లోపలి నుంచి తెలిసినవాడు కాబట్టి తనను ఓడించింది అదృష్టం కాదని ఆయనకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?

ఇక దారికాయడం దగ్గరికి వస్తాను.

జలాంతర్గాముల గుంపులో మొదట కాన్వాయ్‌ను చూసినది దాడి చెయ్యదు. చూపు అందీ అందని దూరంలో నీటి పైన వెంటాడుతూ, రేడియోలో మిగతావాటిని పిలుస్తుంది. ఆ రేడియో పిలుపు ఏ దిక్కు నుంచి వస్తోందో ఎస్కార్ట్ ఓడ మీది దిక్సూచక యంత్రం పట్టేస్తుంది. దిక్కు తెలుస్తుంది, దూరం ఉజ్జాయింపుగా మాత్రమే తెలుస్తుంది. ఇప్పుడు ఒక ఓడను ఆ దిక్కుకు పంపాలి. దాని స్తంభం కనబడగానే జలాంతర్గామి మునిగిపోతుంది. వెళ్లినవాడికి ఖాళీ నీళ్లు స్వాగతం చెబుతాయి.

ఖాళీ నీళ్ల మీద ఒక వృత్తం గీయవచ్చు. మునిగిన చోటు కేంద్రం. నీటి అడుగున అది నాలుగు నాట్లతో పోతుందనుకుంటే అరగంటలో రెండు మైళ్లు. అంటే నేల మీద ఇరవై అంగుళాల వ్యాసార్ధం. జలాంతర్గామి ఆ వృత్తం లోపలే ఉండి తీరాలి. ఆలస్యమైన ప్రతి నిమిషం వృత్తం పెరుగుతుంది, అదీ వర్గాల లెక్కన: సమయం రెట్టింపైతే వెతకాల్సిన నీళ్లు నాలుగు రెట్లు. అయితే వృత్తంలో అన్ని దిక్కులూ సమానం కావు. లోపల ఉన్నవాడికి కాన్వాయ్‌ను వదులుకోవడం ఇష్టం ఉండదు. అతని మనసెటు లాగుతుందో అటువైపు ముక్కను ముందు వెతకాలి. బీటా సెర్చ్ అని ఆ గదిలో పుట్టిన పద్ధతికి మూలం ఇలాంటి ఆలోచనే. పని అయ్యాక తిరిగి కాన్వాయ్‌ను కలుసుకోవడం ఇంకో త్రిభుజం. కాన్వాయ్ ఉత్తరానికి ఏడు నాట్లతో పోతోంది. మీ కోర్వెట్ దానికి సరిగ్గా తూర్పున ఇరవై మైళ్ల దూరంలో ఉంది, వేగం పదహారు. నేరుగా పడమటికి పోతే మీరు చేరేసరికి అక్కడ ఎవరూ ఉండరు. ఏడును పదహారుతో భాగించి, ఆ సైన్ విలువకు కోణం చూడండి: ఇరవై ఆరు డిగ్రీలు. పడమటి నుంచి అంత ఉత్తరానికి ముక్కు తిప్పితే గంటా ఇరవై మూడు నిమిషాల్లో కలుస్తారు. దారి పొడుగునా కాన్వాయ్ మీకు అదే దిక్కులో కనబడుతూ, దగ్గరవుతూ ఉంటుంది. కూడలికి రెండు బైకులు రెండు రోడ్ల మీంచి వస్తున్నప్పుడు అవతలి బైకు మన చూపులో పక్కకు జరగకుండా అక్కడే ఉండి పెద్దదవుతూ వస్తే గుద్దుకోవడం ఖాయమన్నది అందరికీ ఒళ్లు జలదరించి తెలిసిన విషయమే. సముద్రంలో దారికాసేవాడు కోరుకునేది సరిగ్గా అదే.

1943 మే నెల వచ్చింది. డెర్బీ హౌస్‌లో శిక్షణ పొందిన పీటర్ గ్రెటన్ బీ7 అనే ఎస్కార్ట్ దళానికి నాయకుడు. నెల మొదట్లో ఓఎన్ఎస్ 5 కాన్వాయ్ చుట్టూ జరిగిన పోరులో, ఆయన ఓడకు ఇంధనం అయిపోయి మధ్యలో వెళ్లిపోవాల్సి వచ్చినా, దళం నిలబడింది. డజను దాకా సరుకు ఓడలు పోయాయి, ఆరు జలాంతర్గాములు తిరిగి ఇంటికి పోలేదు. తరవాత ఎస్‌సీ 130. గ్రెటన్‌కు లండన్‌లో పెళ్లి ముహూర్తం దగ్గరపడుతోంది, కాన్వాయ్ ఆలస్యం కావడానికి వీల్లేదు. ఒక్క సరుకు ఓడా మునగకుండా ఇంగ్లండ్ చేరింది. దాని మీదికి వచ్చి మే 19న మునిగిన జలాంతర్గాముల్లో యూ-954 ఒకటి. అందులో పీటర్ డోనిట్జ్ ఉన్నాడు. జర్మన్ నౌకాదళాధిపతి కార్ల్ డోనిట్జ్ చిన్న కొడుకు. అయిదు రోజులకు, మే 24న, ఆ తండ్రే తన జలాంతర్గాములను ఉత్తర అట్లాంటిక్ కాన్వాయ్ దారుల నుంచి వెనక్కి రప్పించాడు. ఆ ఒక్క నెలలో ఆయన నలభైకి పైగా జలాంతర్గాములను పోగొట్టుకున్నాడు. ఈ గెలుపు ఒక్క సుద్దగీతలదే అనడం న్యాయం కాదు. దూరం పోయే విమానాలు వచ్చాయి, కొత్త రాడార్ వచ్చింది, రహస్య సంకేతాలు విప్పినవాళ్లున్నారు. కానీ ఇవన్నీ శత్రువు ఎక్కడున్నాడో చెబుతాయి. చెప్పాక తొలి పది నిమిషాల్లో అయిదారు ఓడలు ఎటు తిరగాలన్నది ఆ గదిలో వంటబట్టిన విద్య.

అదే ఏడాది సెప్టెంబరులో జర్మన్లు ప్రొపెల్లర్ చప్పుడును బట్టి వెంటాడే టార్పెడో దింపారు. ఎస్కార్ట్ నేరుగా మీదికి దూసుకొస్తే ఆ చప్పుడే దానికి ఉరితాడు. వార్త రాగానే రాబర్ట్స్ బృందం నేల మీద కూచుని స్టెప్ అసైడ్ అనే విరుగుడు గీసింది: ఎదురుగా పోకుండా పక్కకు తప్పుకుని, చుట్టు తిరిగి వచ్చి పట్టాలి.

ఈ వేట హిందూ మహాసముద్రం దాకా వచ్చింది. అక్కడ మన నది పేరు పెట్టుకున్న ఓడ ఒకటి ఉంది. రాయల్ ఇండియన్ నేవీకి చెందిన గోదావరి. 1944 ఆగస్టులో సీషెల్స్ దగ్గర ఒక విమానం యూ-198 జాడ పట్టింది. అప్పటి నుంచి పెరిగే వృత్తమే మళ్లీ. గుంపుగా ఓడలు ఆ నీళ్లను గాలించాయి. ఆగస్టు 12న బ్రిటిష్ ఫ్రిగేట్ ఫిండ్‌హార్న్, గోదావరి కలిసి దాన్ని ముంచాయి. అందులో ఉన్న 66 మందిలో ఒక్కరూ బతకలేదు. గెలిచినవాళ్ల లెక్క రాసేటప్పుడు ఆ అంకె కూడా పక్కన ఉండాలనే రాస్తున్నాను.

డెర్బీ హౌస్‌లోని ఆట గదిని 1945 వేసవిలో మూసేశారు. ఆటలో ఉన్న అమ్మాయిలు ఇళ్లకు వెళ్లిపోయారు. చాలా ఏళ్లు వాళ్ల పేర్లు ఎవరికీ పట్టలేదు. ఓడల పేర్లూ కెప్టెన్ల పేర్లూ పుస్తకాల్లోకి ఎక్కినంత త్వరగా మోకాళ్ల మీద కూచుని సుద్దతో గీసినవాళ్ల పేర్లు ఎక్కలేదు. అది సరిదిద్దాల్సిన లోటు. రాబర్ట్స్ 1986 దాకా బతికాడు. యుద్ధం ముగియగానే జర్మనీ వెళ్లి డోనిట్జ్ మనుషులను ప్రశ్నించినప్పుడు, వాళ్ల కార్యాలయంలో గోడ మీద తన ఫొటోనే చూశానని ఆయన చెప్పేవాడు.

ఇప్పుడు ఆ నేల చాలామంది ఇళ్లలో కంప్యూటర్ తెర మీద ఉంది. 2005లో వచ్చిన, జర్మన్ జలాంతర్గామిని మనమే నడిపే సైలెంట్ హంటర్ 3 ఆటలో మ్యాపు మీద స్కేలు, కోణమానిని, వృత్తలేఖిని ఇచ్చారు. గురిపెట్టే పని యంత్రానికి వదిలేసి ఆడొచ్చు. అయినా దాన్ని ఆపేసి చేత్తో గీసుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. నేను వాళ్ల పక్షమే. కారణం చెబుతాను. కదలకుండా ఆగి, సమాన వ్యవధుల్లో మూడుసార్లు ఓడ ఉన్న దిక్కును గీయండి. ఓడ వేగమూ దిశా మారకపోతే మొదటి గీత నుంచి రెండో గీతకు, రెండో గీత నుంచి మూడో గీతకు అది నడిచిన దూరాలు సమానం కావాలి. మూడు గీతలనూ అలా సమానంగా తెగ్గోసే గీతలు ఎన్నో ఉంటాయి, కానీ అన్నీ ఒకదానికొకటి సమాంతరం. అంటే ఓడ ఎటు పోతోందో దూరం తెలియకుండానే తెలిసిపోయింది! మీరు కాస్త పక్కకు జరిగి నాలుగో దిక్కు గీస్తే దూరమూ వేగమూ కూడా చేతికొస్తాయి.

ఆఖరున టార్పెడో త్రిభుజం. ఎనిమిది నాట్ల సరుకు ఓడ మీ చూపుకు అడ్డంగా పోతోంది. జర్మన్ల ఎలక్ట్రిక్ టార్పెడో వేగం ముప్పై. ఎనిమిదిని ముప్పైతో భాగించి కోణం చూస్తే పదిహేనున్నర డిగ్రీలు. ఓడ కన్నా అంత ముందుకు గురిపెట్టాలి. ఓడ వెయ్యి గజాల్లో ఉన్నా రెండు వేల గజాల్లో ఉన్నా కోణం మారదు. మొదటిసారి ఇది కాగితం మీద తేలినప్పుడు కలిగే ఆనందం, తెర మీద పేలుడు చూసినప్పుడు కూడా రాదు.

ఇలా పది కాన్వాయ్‌లు ముంచినవాళ్లు ఒకసారి అవతలి పక్షానికి మారి చూడాలి. డెస్ట్రాయర్: ది యూ-బోట్ హంటర్ అనే ఆటలో ఎస్కార్ట్ ఓడ మీరు నడపొచ్చు, లెక్కలూ గీతలూ అందులోనూ ఉన్నాయి. ఆట సరంజామా ఏదీ లేకపోతే ఒక పెద్ద కాగితం, స్కేలు, రెండు రంగుల పెన్సిళ్లు, ఓపికున్న ఒక స్నేహితుడు చాలు. ఆకుపచ్చ పెన్సిలు స్నేహితుడికి ఇచ్చి, మీరు అటు తిరిగి కూచోండి. ఎత్తుకు రెండు నిమిషాలు.